గే అడల్ట్ సైట్ ప్రకటనల్లో మగవాళ్ళని ఏమని రాయాలి? "బాయ్స్" అంటే ఎందుకు ఒప్పుకోవట్లేదు?

రాతకూలీ:

హైదరాబాద్‌లో ఉంటూ ఫ్రీలాన్స్‌గా ప్రకటనలకి మాటలు రాస్తుంటాను, వెంచర్ల బ్రోచర్ల నుంచి జిమ్ ఆఫర్ల దాకా ఏదొస్తే అది. ఈ మధ్య అమెరికా నుంచి ఒక క్లయింట్ తగిలాడు. గే అడల్ట్ సైట్ నడుపుతాడు, డబ్బు కట్టి సభ్యులైన పెద్దవాళ్ళు చూసేది, నటించేవాళ్ళంతా 18 దాటినవాళ్ళే, వాళ్ళ గుర్తింపు కాగితాలు అన్నీ దగ్గర పెట్టుకున్నానంటాడు. నా పని వీడియోలతో కాదు, మాటలతోనే. బ్యానర్ల మీద వాక్యాలు, ఈమెయిల్ సబ్జెక్ట్ లైన్లు, కేటగిరీల పేర్లు, అఫిలియేట్లకి, అంటే కమిషన్ మీద సైట్‌ని ప్రచారం చేసేవాళ్ళకి ఇచ్చే ఒకటి రెండు లైన్ల పరిచయాలు. ఇంగ్లీషులోనే రాయాలి, తర్వాత హిందీ, తెలుగు పేజీలు కూడా పెడదామంటున్నాడు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకు నిజంగానే జవాబు కావాలి.

సమస్య ఏంటంటే, నాకంటే ముందు రాసినాయన వదిలివెళ్ళిన బ్యానర్ ఒకటుంది. "న్యూ కాలేజ్ బాయ్స్ ఎవ్రీ ఫ్రైడే". పక్కన ఫొటోలో ఉన్నాయనకి గడ్డం, చేతి మీద టాటూ, ఎంత తక్కువ వేసుకున్నా పాతికేళ్ళు దాటినట్టే ఉంటాడు. అయినా కార్డు పేమెంట్లు చూసే కంపెనీ వాళ్ళు ఆ బ్యానర్‌ని తిప్పి పంపారు, నెలాఖరు లోపు మార్చకపోతే అకౌంట్ ఆపేస్తామన్నారు. క్లయింటేమో గోల, ఫీల్డులో అందరూ బాయ్స్ అనే రాస్తారు, మా మీదే ఎందుకు పడ్డారు అని. పోనీ "జెంటిల్‌మెన్" అని రాద్దామా అంటే టైలర్ షాపు బోర్డులా ఉందని నవ్వేశాడు. స్లాంగ్ ఉండాలి, ఊపు ఉండాలి, కార్డు కంపెనీకి కోపం రాకూడదు, చదివే గే మగవాళ్ళకి ఒళ్ళు మండకూడదు. నేను గే కాదు, ఆ లోకంలో ఏ మాట ముద్దు, ఏ మాట తిట్టు అన్నది నాకు లోపలి నుంచి తెలీదు. మన దగ్గర ముప్ఫై ఐదేళ్ళవాడు పెళ్ళిచూపులకి పోయినా "అబ్బాయి వచ్చాడు" అనే అంటాం కదా, ఇంగ్లీషులో అంత తేడా ఉంటుందా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

చెక్‌పోస్ట్:

నేను పేమెంట్స్ రిస్క్ టీమ్‌లో పని చేస్తాను, ఇలాంటి సైట్ల ఫైళ్ళు నా టేబుల్ మీదకి వస్తూనే ఉంటాయి. కంపెనీ పేరు అడగొద్దు.

ముందు మీ క్లయింట్ కోపం సంగతి. ఫొటోలో మనిషి వయసు ఎంత అన్నది ఒక ప్రశ్న, మాట ఏ వయసుని గుర్తుచేస్తోంది అన్నది ఇంకో ప్రశ్న. రెండూ విడివిడిగానే చూస్తాం. మొదటిదానికి అమెరికాలో 2257 అనే సెక్షన్ ఉంది, నటించిన ప్రతి మనిషి గుర్తింపు కార్డు, పుట్టినతేదీ రికార్డు చేసి ఉంచాలి, ఆ రికార్డులు ఎవరి దగ్గర ఉన్నాయో సైట్‌లో రాయాలి. అది మీ క్లయింట్ చేశాడు, సంతోషం. కానీ ఆ రికార్డులు ఆఫీసు బీరువాలో ఉంటాయి, బ్యానర్ మాత్రం రోడ్డు మీద ఉంటుంది. దారినపోయేవాడికి కనిపించేది మాటే.

ఇక మాట సంగతి. 2003లో అమెరికా ప్రొటెక్ట్ యాక్ట్ అని ఒకటి తెచ్చింది. ఇది పిల్లల అశ్లీల దృశ్యాలే అని తాను నమ్ముతూ గానీ, ఎదుటివాణ్ణి నమ్మించాలని గానీ ప్రచారం చేస్తే, లోపల సరుకు నిజంగా అదేనా కాదా అన్నదానితో సంబంధం లేకుండా ఆ ప్రచారమే నేరం. దీన్ని కోర్టులో సవాలు చేశారు, 2008లో యునైటెడ్ స్టేట్స్ వర్సెస్ విలియమ్స్ కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. దానికి ముందు 2002లో అదే కోర్టు, పెద్దవాళ్ళు నటించినా చూడటానికి పిల్లల్లా "అనిపిస్తే" చాలు నేరం అన్న పాత చట్టాన్ని కొట్టేసింది. కాబట్టి "బాయ్స్" అని రాసినంత మాత్రాన ఎవరూ జైలుకి పోరు, కంగారు పడకండి. కోర్టు సందర్భం చూస్తుంది, ఉద్దేశం చూస్తుంది.

కార్డు కంపెనీలు అంత ఓపిగ్గా చూడవు. 2020 డిసెంబర్‌లో వీసా, మాస్టర్‌కార్డ్ రెండూ పోర్న్‌హబ్‌లో తమ కార్డులు పనిచేయకుండా ఆపేసిన దగ్గర నుంచి ఈ రంగం మొత్తం మారిపోయింది. మాస్టర్‌కార్డ్ కొత్త నియమాలు 2021 అక్టోబర్ 15 నుంచి అమల్లోకి వచ్చాయి. కనిపించే మనుషులకీ, అప్‌లోడ్ చేసేవాళ్ళకీ గుర్తింపు, వయసు పరీక్ష, అనుమతి పత్రం, పెట్టేముందే వీడియో చూడటం, ఫిర్యాదు వస్తే ఏడు పనిదినాల్లో తేల్చడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. మీకు కావలసింది ఇంకొకటుంది, చాలామంది దాన్ని చదవకుండా దాటేస్తారు. సైట్‌లో పిల్లలపై దోపిడీ గానీ, ఇష్టం లేకుండా జరిగేది గానీ ఉందనిపించేలా మార్కెటింగ్ చేయకూడదు, అలాంటి సెర్చ్ పదాలు కూడా ఉంచకూడదు. "అనిపించేలా" అన్న ఆ ఒక్క మాట మీదే మీ బ్యానర్ ఆగిపోయింది.

మేం చూసేది ఒంటరి పదాన్ని కాదు, పదాల గుంపుని. "బాయ్" ఒక్కటే ఉంటే కొందరు రివ్యూయర్లు వదిలేస్తారు. దాని పక్కన కాలేజ్ వచ్చింది, "న్యూ" వచ్చింది. ఇంకో సైట్‌లో స్కూలు బ్యాగు ఉంటుంది, బోర్డు, బెంచీ ఉంటాయి. ఒక్కొక్కటీ అమాయకమే, కలిపితే మాత్రం ఫైలు మీద ఎర్ర జెండా. "టీన్" సంగతి వేరే చెప్పక్కర్లేదు, పదమూడు నుంచి పంతొమ్మిది దాకా అంతా టీనే కాబట్టి అందులో ఐదేళ్ళు మైనరే, దాన్ని మొదటికే తీసేయండి. కిడ్, ఇన్నోసెంట్, లిటిల్, స్కూల్ ఇవీ అంతే. "ఇప్పుడే పద్దెనిమిది నిండాయి" తరహా వాక్యాలు చట్టపరంగా నిజమే అయినా నా అనుభవంలో వాటికంటే పెద్ద తలనొప్పి లేదు. వయసు గీత మీద నిలబడి అమ్ముతున్నావంటే ఆ గీత అవతల వైపు చూసేవాళ్ళని పిలుస్తున్నావా అని ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా.

డల్లాస్ ఎలుగు:

చెక్‌పోస్ట్ గారు రూల్సు చెప్పారు, నేను మనుషుల వైపు నుంచి చెప్తాను. నేను గే, నలభై దాటాయి, గుంటూరు జిల్లా నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డాను, పేరు చూసి నవ్వొచ్చినవాళ్ళకి కింద అర్థమవుతుంది.

మీ క్లయింట్‌కి స్లాంగ్ కావాలంటున్నాడు కదా, గే మగవాళ్ళ దగ్గర స్లాంగ్‌కి కరువేం లేదు, అందులో ఎక్కువ భాగం వయసు గురించి కాదు, ఒంటి తీరు గురించి. బేర్ అంటే ఒళ్ళున్న, ఒంటినిండా వెంట్రుకలున్న మగవాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1987లో బేర్ అన్న పేరుతోనే ఒక పత్రిక మొదలైంది, సన్నగా నున్నగా ఉన్న మోడళ్ళే అందం అనుకునే రోజుల్లో మాలాంటివాళ్ళకి అద్దం చూసుకునే ధైర్యం దానివల్లే వచ్చింది. 1995 నుంచి గోధుమరంగు నుంచి నలుపు దాకా చారలు, మూలన పంజా గుర్తుతో మాకొక జెండా కూడా ఉంది. ఆటర్ అంటే వెంట్రుకలుండి సన్నగా ఉండేవాడు, జాక్ (jock) అంటే ఆటలాడే కండలవాడు, డాడీ అంటే వయసొచ్చి హుందాగా, దర్జాగా ఉండేవాడు, జుట్టు నెరిస్తే సిల్వర్ ఫాక్స్. ఇవన్నీ వాడుకోండి, వీటిల్లో ఒక్కటి కూడా పిల్లల్ని గుర్తుచేయదు. పైగా చదివేవాడికి నా గురించే రాశారన్నట్టు ఉంటుంది, "బాయ్స్" అంటే ఎవరి గురించో కూడా తెలీదు.

రెండు చోట్ల జాగ్రత్త. ట్వింక్ అనే మాట సన్నగా, నున్నగా, ఇరవైల్లో ఉండే కుర్రాడికి వాడతారు. మాలో మాకు మామూలు మాటే, కొందరు గర్వంగా చెప్పుకుంటారు, కొందరికి చులకనగా అనిపిస్తుంది. కేటగిరీ పేరుగా ఉంచొచ్చు గానీ పక్కన పెట్టే ఫొటో, మిగతా మాటలు పెద్దవాడనే చెప్పాలి. కబ్ అంటే కొంచెం చిన్న వయసు బేర్ అని అర్థం, ముప్ఫై ఐదేళ్ళవాడు కూడా కబ్ అవుతాడు, కానీ బయటివాడు చదివితే "పిల్ల" అనిపిస్తుంది కాబట్టి ఒంటరిగా వాడకుండా బేర్ పక్కనే పెట్టండి. డాడీ అన్నారని ఉత్సాహంగా పక్కన "సన్" చేర్చకండి, చాలా పేమెంట్ కంపెనీలు ఇంటి చుట్టరికాల మాటల్ని అసలు రానివ్వవు.

ఇప్పుడు "బాయ్" మీద నాకు కొంచెం పేచీ ఉంది. తోలు దుస్తులు వేసుకునేవాళ్ళు కలిసే గే లెదర్ బార్లలో యాభై ఏళ్ళవాడు కూడా తనని బాయ్ అని చెప్పుకుంటాడు, అది అక్కడ ఒక పాత్ర, వయసు కాదు. ఆ మాటని మా నోట్లోంచి లాగేసుకోవడం నాకు నచ్చదు. కార్డు కంపెనీలు గే సైట్ల మీద ఒక కన్ను ఎక్కువేసి ఉంచుతాయన్న అనుమానం కూడా మాలో చాలామందికి ఉంది. "గర్ల్స్" అని రాసిన సైట్లు వీధివీధికీ ఉన్నా వాటి జోలికి ఇంత త్వరగా పోరు.

అయినా ప్రకటనలో మాత్రం బాయ్ వద్దనే అంటాను, అందుకు ఇక్కడ ఎవరూ చెప్పని కారణం ఒకటుంది. అమెరికాలో నల్లజాతి మగవాణ్ణి "బాయ్" అనడం బానిసత్వం కాలం నాటి అవమానం, ముసలాయన్ని కూడా పేరు పెట్టి పిలవకుండా బాయ్ అనేవాళ్ళు. 1968లో మెంఫిస్‌లో పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేసినప్పుడు "ఐ యామ్ ఎ మ్యాన్" అన్న అట్టలు పట్టుకుని నడిచింది ఇందుకే. మీ బ్యానర్‌లో మోడల్ నల్లజాతి వాడైతే ఆ మాట కార్డు కంపెనీ ఒప్పుకున్నా జనం ఒప్పుకోరు.

గోదారి గట్టు:

ఇంత చదువుకుని, ఇంత తెలివి పెట్టి ఇలాంటి సైట్లకి రాసే బదులు వేరే పని చూసుకోవచ్చు కదా రాతకూలీ గారూ. ఇంట్లో తెలిస్తే ఏమంటారు?

రాతకూలీ:

మా ఆవిడకి తెలుసండీ, ఇన్‌వాయిస్‌లు తనే చూస్తుంది. పెద్దవాళ్ళు పెద్దవాళ్ళ కోసం చేసుకునేదానికి నేను మాటలు రాస్తున్నాను. ఆ మాటలు పిల్లల వైపు జారకుండా చూడాలనే కదా ఈ ప్రశ్న అడిగింది. ఆ మాత్రం అడగకుండా రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళని అడగండి.

డల్లాస్ ఎలుగు గారూ, చాలా థాంక్స్. బాయ్ విషయంలో మెంఫిస్ కోణం నాకు అస్సలు తట్టలేదు, క్లయింట్‌కి ఇదే పంపిస్తాను. ఇంకో సందేహం. బ్రీఫ్‌లో "స్ట్రెయిట్ యాక్టింగ్", "క్లీన్" అన్న మాటలు కూడా వాడమని ఉంది. ఇవి ఓకేనా? ఇంకా మీరు చెప్పని తిట్లు ఏవైనా ఉంటే చెప్పండి, ఎక్కడ తొక్కకూడదో తెలియాలి.

డల్లాస్ ఎలుగు:

రెండూ వద్దు.

స్ట్రెయిట్ యాక్టింగ్ అంటే "గే అయినా గేలా కనిపించడు" అని మెచ్చుకోవడం. ఆ మెప్పులో మిగతావాళ్ళందరికీ ఒక చెంపదెబ్బ ఉంది. డేటింగ్ యాప్‌లలో ఈ మాట పెట్టుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, నిజమే. అది వాళ్ళ ప్రొఫైల్, వాళ్ళ ఇష్టం. గే మగవాళ్ళ డబ్బుతో బతికే సైట్ గోడ మీద రాస్తే మాత్రం బాగోదు. మగతనం చూపించాలంటే "రగ్గ్‌డ్" అనండి, "బర్లీ" అనండి, మనిషి ఎలా ఉన్నాడో చెప్పండి, ఎవరిలా లేడో చెప్పకండి.

క్లీన్ ఇంకా దారుణం. స్నానం గురించి కాదు, హెచ్‌ఐవీ లేదని చెప్పడానికి వాడే మాట. మరి ఉన్నవాడు మురికా? 2012లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రెప్ మాత్రని ఆమోదించింది, అది వేసుకుంటే హెచ్‌ఐవీ సోకే అవకాశం బాగా తగ్గుతుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు దాన్ని అదుపులో పెట్టే ఏఆర్‌టీ మందులు సరిగ్గా వేసుకుంటూ వైరస్ పరీక్షలో కనబడనంత తగ్గి అలాగే ఉంటే లైంగికంగా అవతలివాళ్ళకి సోకదని పెద్ద అధ్యయనాలే తేల్చాయి. ఇంత జరిగాక ఇంకా క్లీన్ అని రాస్తే పదిహేనేళ్ళు వెనకబడ్డ సైట్ అని ఒక్క చూపులో తెలిసిపోతుంది.

తిట్ల సంగతి అంటారా, ఎఫ్ అక్షరంతో మొదలయ్యేది ఒకటుంది, మాలో మేం సరదాకి అనుకున్నా మీరు రాయకూడదు. క్వీర్ అనే మాట ఒకప్పుడు తిట్టే, ఇప్పుడు చాలామంది సొంతం చేసుకున్నారు. పెద్ద వయసువాళ్ళలో కొందరికి ఆ మాట వింటే స్కూల్లో తిన్న దెబ్బలే గుర్తొస్తాయి. మీ సైట్‌లో నలభై దాటినవాళ్ళు ఎక్కువైతే "గే మెన్" చాలు. ట్రాన్స్ మనుషుల మీద వాడే పాత పోర్న్ పదాలు ఉంటాయి, వాటిని కేటగిరీల్లో చూస్తే వెంటనే తీయించండి. జాతి పేర్లతో కేటగిరీలు పెట్టడం మీద కూడా ఇప్పుడు జనం సహించట్లేదు, గే డేటింగ్ యాప్ గ్రైండర్ 2020లో జాతిని బట్టి వడపోసే ఫిల్టర్ తీసేస్తామని ప్రకటించింది. దేశీ వాళ్ళని "ఎగ్జాటిక్" అని రాసిన బ్యానర్ చూసినప్పుడల్లా నాకైతే ఫోన్ విసిరికొట్టాలనిపిస్తుంది.

ఇంగ్లండ్, ఆస్ట్రేలియా ట్రాఫిక్ ఉంటే లాడ్స్, బ్లోక్స్ వాడొచ్చు. బ్లోక్ అంటే కచ్చితంగా ఎదిగిన మగాడే. లాడ్ మాత్రం ఇటూ అటూ ఊగుతుంది, పబ్బులో గుంపుగా కూర్చున్న ముప్ఫై ఏళ్ళవాళ్ళూ లాడ్సే, పదేళ్ళవాడూ లాడే. కాబట్టి బ్లోక్స్‌కే నా ఓటు. అమెరికాకి గైస్, డ్యూడ్స్, హంక్స్, స్టడ్స్ ఇవి ఎప్పటికీ పాతబడవు.

సెక్షన్ చూసి మాట్లాడు:

నేను హైదరాబాద్‌లో ప్రాక్టీస్ చేస్తాను, కానీ ఇది ఉచిత సలహా మాత్రమే, మీ కేసుకి లాయర్‌ని పెట్టుకోండి.

అందరూ అమెరికా చట్టాలు చెప్తున్నారు, రాసేవాడు కూర్చున్నది తెలంగాణలో. మన ఐటీ చట్టంలో 67ఏ సెక్షన్ ప్రకారం లైంగిక చర్య స్పష్టంగా ఉన్నది ఎలక్ట్రానిక్ రూపంలో ప్రచురించినా, పంపినా మొదటిసారికే ఐదేళ్ళ వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. పెద్దవాళ్ళా, గేలా, స్ట్రెయిటా అన్న తేడా అందులో లేదు. భారతీయ న్యాయ సంహితలో 294 కూడా ఎలక్ట్రానిక్ అశ్లీలానికి వర్తిస్తుంది. 2018 సెప్టెంబర్ 6న స్వలింగ సంబంధాలని నేరంగా చూసిన 377 సెక్షన్ విషయంలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పెద్దవాళ్ళు ఇష్టపడి ఏకాంతంలో చేసుకునేదాన్ని నేరం కాదంది, పోర్న్ అమ్ముకోవచ్చని అనలేదు. ఈ రెండూ కలిపి మాట్లాడేవాళ్ళు నా దగ్గరికి చాలామంది వస్తారు.

మాటల విషయానికొస్తే 67బీ చూడండి. అది పిల్లల గురించి. బొమ్మే ఉండాలని లేదు, "టెక్స్ట్" అన్న మాట సెక్షన్‌లోనే ఉంది, ప్రకటన ఇవ్వడం, ప్రచారం చేయడం కూడా ఉంది. అంటే పిల్లలని అర్థమొచ్చేలా రాసిన నాలుగు లైన్లే ఇక్కడ కేసుకి దారి. 2024 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, "చైల్డ్ పోర్నోగ్రఫీ" అన్న మాటే వాడొద్దు, అది పిల్లలపై జరిగిన లైంగిక దోపిడీ, అత్యాచారాల సామగ్రి, అలాగే పిలవండి అని కింది కోర్టులకి చెప్పింది. మన కోర్టులే మాటల్ని ఇంత జాగ్రత్తగా చూస్తున్నప్పుడు మీ క్లయింట్ "ఫీల్డులో అందరూ రాస్తారు" అంటే ఎవరూ వినరు.

ఇంగ్లీషు బ్యానర్లలో నగ్నత్వం, లైంగిక వర్ణన లేకుండా మాటలు రాస్తున్నంతవరకు మీ రిస్కు తక్కువ. తెలుగు పేజీ అంటే మాత్రం సూటిగా ఇక్కడి జనానికే అమ్ముతున్నట్టు. ఆ పని ఒప్పుకునేముందు ఒప్పందం చూపించండి, ఎవరి పేరు మీద ప్రచురిస్తున్నారు, సర్వర్ ఎక్కడ, మీ బాధ్యత ఎంత అన్నది రాతలో ఉండాలి.

మల్లెతీగ:

తెలుగు పేజీ గురించి ఎవరూ మాట్లాడట్లేదని ఆగాను, లాయర్ గారు భయపెట్టాక ఇక రాదేమో గానీ చెప్పేస్తాను. నేను కొన్నేళ్ళు హెచ్‌ఐవీ నివారణ ప్రాజెక్టులో ఔట్‌రీచ్ వర్కర్‌గా చేశాను, రైల్వే స్టేషన్లు, పార్కులు, బస్టాండ్లు అన్నీ తిరిగాం. కరపత్రాల మీద మగవాళ్ళని ఏమని రాయాలన్నది మాకు రోజూ పంచాయితీనే.

నాకో అనే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కాగితాల్లో మగవాళ్ళతో సంబంధం ఉన్న మగవాళ్ళని సెక్స్‌లో పాత్రని బట్టి కోతి, పంతి, డబుల్ డెక్కర్ అని రాసి ఉంటుంది. కమ్యూనిటీలో ఇవి ఏళ్ళ తరబడి నలిగిన మాటలే, ఎవరు ఎవరో లోపలివాళ్ళకి టక్కున అర్థమవుతుంది. కానీ తెలుగు పోస్టర్ మీద "కోతి" అని రాస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. మా దగ్గర ఒక పోస్టర్ మీద ఎవరో తోక గీసి పోయారు. అవి లోపలి మాటలు, గోడ మీద మాటలు కావు.

పేపర్లలో రాసే "స్వలింగ సంపర్కులు" అయితే క్రైమ్ వార్తలా వినిపిస్తుంది, ఆ మాట చదివి ఏ మనిషీ "ఆ, నేనే" అనుకోడు. గే అన్న మాటే తెలుగులో పెట్టేయండి, విజయనగరంలో అయినా వరంగల్‌లో అయినా ఫోన్ పట్టుకున్న ప్రతి ఒక్కడికీ తెలుసు.

ఇక వయసు. మీరు అన్నట్టు అబ్బాయి అంటే పెళ్ళికొడుకూ కావచ్చు, ఉయ్యాల్లో ఉన్నవాడూ కావచ్చు. ఇంట్లో అది ముద్దు. ఇలాంటి సైట్ మీద ఆ సాగే గుణమే కొంప ముంచుతుంది. కుర్రాడు, పోరడు, గుంటడు, పిల్లోడు ఇవన్నీ అంతే, ఊరిని బట్టి పదేళ్ళవాడి నుంచి పాతికేళ్ళవాడి దాకా ఎవరికైనా తగులుతాయి. శ్రీకాకుళంలో గుంటడంటే నిక్కరు వేసుకున్నవాడే గుర్తొస్తాడు. వీటిని ముట్టుకోకండి. మగాళ్ళు, మగవాళ్ళు, మగమహారాజులు అనండి. కొంచెం కొంటెగా కావాలంటే "మీసాల రాయుళ్ళు", "కండల వీరులు", "బొద్దు మగాళ్ళు". ఎలుగు గారి బేర్‌కి తెలుగులో "ఎలుగుబంటి" అని తర్జుమా చేస్తే జూ పార్కు ప్రకటన అయిపోతుంది, బేర్ అనే ఉంచండి.

అన్నా, బావా, మావా అనేవి పిలుపులుగా ఎంత తీపిగా ఉన్నా వద్దు. బావ అన్న మాటలో సరసం ఉందని కాపీ రాసేవాళ్ళకి మనసు లాగుతుంది, నాకూ లాగుతుంది, కానీ అది చుట్టరికం, పైన చెప్పిన "సన్" లాంటి చిక్కే వస్తుంది. అంకుల్ అంటే మన దగ్గర యాప్‌లలో ముప్ఫై ఎనిమిదేళ్ళవాణ్ణి ఏడిపించే మాట, డాడీకి ఉన్న దర్జా దానికి లేదు. పేడి, కొజ్జా అన్నవి తిట్లు, ట్రాన్స్ వాళ్ళనీ మమ్మల్నీ కలిపి కొట్టే తిట్లు, వాటిని సరదాకి కూడా రాయనివ్వకండి.

రాతకూలీ:

తెలుగు పేజీ సంగతి క్లయింట్‌కి "ఇప్పట్లో వద్దు" అని చెప్పేశాను, లాయర్ గారి మాట విన్నాక ఆ డబ్బు నాకు అక్కర్లేదనిపించింది. ఇంగ్లీషు వరకు ఇలా మార్చాను, చూసి చెప్పండి. "న్యూ గైస్ ఎవ్రీ ఫ్రైడే" ప్రధాన బ్యానర్‌కి. ఈమెయిల్‌కి "బేర్స్, ఆటర్స్ అండ్ ది మెన్ హూ లవ్ దెమ్". కాలేజ్ కేటగిరీని ఎత్తేసి "జాక్స్" పెట్టాను. పెద్ద వయసువాళ్ళ సెక్షన్‌కి "డాడీస్ అండ్ సిల్వర్ ఫాక్సెస్". ట్వింక్ కేటగిరీ ఉంచాను, కానీ దాని పరిచయంలో పద్దెనిమిది గీత జోలికి పోలేదు, "స్లిమ్ గైస్ ఇన్ దెయిర్ ట్వంటీస్" అని మాత్రమే. క్లయింట్‌కి ఊపు తగ్గిందట గానీ ఒప్పుకున్నాడు.

డల్లాస్ ఎలుగు:

ఈమెయిల్ లైన్ నేనైతే నొక్కుతాను. మెంఫిస్ సంగతి క్లయింట్‌కి చెప్పారా? ఏమన్నాడు?

రాతకూలీ:

కాసేపు మాట్లాడలేదు. ఆ బ్యానర్ పాత వర్షన్‌లో మోడల్ ఎవరో వెతకమన్నాడు. నల్లజాతి వాడే. ఆ ఫైల్ సర్వర్ నుంచి పూర్తిగా తీసేయమన్నాడు.

చెక్‌పోస్ట్:

లైన్లు బాగున్నాయి. ట్వింక్ పరిచయం కూడా సరిపోతుంది, "ట్వంటీస్" అని వయసు పైకే లాగారు, అది మంచి పని. బ్యానర్ మీద మాట మార్చి ఊరుకుంటే మళ్ళీ పట్టుకుంటారు, చాలామంది ఇక్కడే దొరుకుతారు. బొమ్మ ఫైల్ పేరు చూడండి, అందులో పాత మాట అలాగే ఉంటుంది. ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మ వెనక రాసే వివరణ), పేజీ టైటిల్, మెటా డిస్క్రిప్షన్ (సెర్చ్ ఫలితాల్లో కనిపించే పరిచయం), లింక్ చివర ఉండే పేరు, సైట్‌లో సెర్చ్ పెట్టెలో టైప్ చేస్తే వచ్చే సూచనలు, ట్యాగులు, అన్నీ వెతకండి. మా టూల్ కళ్ళతో చూడదు, అక్షరాలతో చూస్తుంది. సెర్చ్ పెట్టెలో టీన్, స్కూల్ లాంటి మాటలు కొడితే ఫలితాలు రాకుండా ఆపేయించండి, నియమాల్లో సెర్చ్ పదాలు కూడా ఉన్నాయని పైన చెప్పాను కదా.

ఇంకొకటి, అఫిలియేట్లు. వాళ్ళ బ్లాగుల్లో, ఎక్స్ అకౌంట్లలో పాత బ్యానరే తిరుగుతూ ఉంటుంది, దాని మీద క్లిక్ చేస్తే వచ్చేది మీ క్లయింట్ సైట్‌కే కాబట్టి బాధ్యతా మీ క్లయింట్‌దే. అందరికీ ఒక మెయిల్ పెట్టించండి, కొత్త బ్యానర్ల లింకులు, వాడకూడని మాటల జాబితా, ఫలానా తేదీ తర్వాత పాతది కనిపిస్తే కమిషన్ ఆపేస్తామని ఒక లైను. ఆ మెయిల్ కాపీని పేమెంట్ కంపెనీకి కూడా పంపండి, నెలాఖరు గడువు లోపలే. రివ్యూ చేసేవాళ్ళకి అది ఫైలులో కనిపిస్తే మిగతాది కొంచెం మెత్తగా చూస్తారు.

రాతకూలీ:

ఫైల్ పేరు చూశాను, అక్షరాలా అదే మాట ఉంది. అఫిలియేట్ల మెయిల్ ఇవాళే రాస్తున్నాను, జాబితాలో "ఎగ్జాటిక్" కూడా కలిపాను.